ఎండకు పెట్టిన దిండ్లు

డాక్టర్ సుశీల్ కుమార్ చెయ్యి చాలా మెత్తన. ఆ సంగతి రొయ్యల కంపెనీలో ఆడవాళ్ళందరూ ఒప్పుకున్నారు. నెల్లూరు నుంచి కారులో వచ్చి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, అరచేతులు రుద్దుకుని వెచ్చబెట్టుకుని, అప్పుడుగాని ఆయన మెడమీద వేలు పెట్టడు. పొద్దస్తమానం ఐసులో చేతులు నానబెట్టుకునే వాళ్ళకు ఆ వెచ్చదనమే పెద్ద గౌరవం లాగా తోచింది. "నొప్పిగా ఉందామ్మా?" అని అంత నెమ్మదిగా అడిగే మనిషి మొహాన ఉందని ఎట్లా అంటారు? "లేదు సార్" అన్నారు, ఒకరి తర్వాత ఒకరు.

అబిగయీలు చెయ్యి అట్లాంటిది కాదు. ఫిజియోథెరపీ చదివి, నెల్లూరులో రెండు క్లినిక్కుల్లో పనిచేసి, పోయిన వేసవిలో ఈ కంపెనీ వైద్యశాలలో చేరింది. ఆమె బొటనవేలు మెడకూ భుజానికీ మధ్య కండను వెతుక్కుంటూ పోయి, గడ్డకట్టిన చోట ఆగి, గోరు తెల్లబడేదాకా నొక్కుతుంది. కాలేజీలో అట్లాగే నేర్పారు. ఆ వేలు కింద ఆడవాళ్ళు మూలిగారు, మొహం ముడిచారు, కొందరు భుజం లాగేసుకున్నారు.

ఈ మెడలు నొక్కే పని కంపెనీకి పుట్టిన బుద్ధి కాదు. రొయ్యలు కొనే విదేశీ వాళ్ళు ఈసారి కొత్త మెలిక పెట్టారు. బల్లల దగ్గర తలవంచి పనిచేసే ఆడవాళ్ళ మెడలు ఎట్లా ఉన్నాయో పరీక్ష చేయించి చెప్పమన్నారు. చేత్తో నొక్కే చూడాలి. ఒకరు చూస్తే చాలదు, ఇద్దరు విడివిడిగా మూడు రోజులు చూడాలి, ఇద్దరి మార్కులూ కలవాలి. నొప్పి లేకపోతే సున్నా, ఉందని నోటితో చెబితే ఒకటి, మొహం ముడిస్తే రెండు, వేలు తగలగానే పక్కకు తప్పుకుంటే మూడు. ఇద్దరూ రెండు గానీ మూడు గానీ వేసినవాళ్ళను కూర్చుని పనిచేసే తూకం సెక్షనుకు మారుస్తామని వెల్ఫేర్ ఆఫీసరు పద్మనాభయ్య క్యాంటీన్లో అందరి ముందూ చెప్పాడు.

తూకం సెక్షన్లో కుర్చీలున్నాయి. కామాక్షికి కావలసింది ఆ కుర్చీ.

కామాక్షిది సంగం దగ్గర పల్లె. వాళ్ళమ్మా, మూడేళ్ళ కూతురూ అక్కడ ఆమె జీతం మీదే బతుకుతున్నారు. ఇక్కడ ఆమె రొయ్యల నరం తీసే బల్ల దగ్గర నిలబడుతుంది. తలలు తీసేసి, పెంకు వలిచిన రొయ్యలు ట్రేలలో వస్తాయి. ఒక్కోదాన్ని ఎడమచేతిలో వంచి పట్టుకుని, వీపు మీద కత్తిమొన పెట్టి, నల్లదారం లాంటి నరాన్ని తెగకుండా లాగాలి. తెగితే మళ్ళీ వెతకాలి, వెతకాలంటే ఇంకా వంగాలి. ఇదివరకు ఆ బల్ల దగ్గర ఆమె అంత చురుకైన మనిషి లేదు. ఈమధ్య మాత్రం ఎవరైనా పక్కనుంచి పిలిస్తే కామాక్షి తల తిప్పదు. గంబూట్లతో సహా ఒళ్ళంతా తిప్పి నిలబడుతుంది. బల్ల దగ్గరి వాళ్ళు దానికి నవ్వేవాళ్ళు. కొన్నాళ్ళకు నవ్వడం మానేశారు.

మొదటిరోజు పరీక్షలో ఆమెకు డాక్టర్ సున్నా వేశాడు. తర్వాత తెర ఇవతల అబిగయీలు నొక్కితే స్టూలు మీద నుంచి లేచినంత పనిచేసింది.

"ఆడే అక్కా, ఆడే" అంది కళ్ళనీళ్ళతో. "అది పట్టుకుంటే చెయ్యి కూడా లేవదు. మీకు తెలిసిపోయింది."

అబిగయీలు మూడు వేసింది.

సాయంత్రం ఇద్దరి మార్కులూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఇద్దరూ రెండు వేర్వేరు ఊళ్ళ ఆడవాళ్ళను చూసి వచ్చినట్టుంది. పద్మనాభయ్య తల పట్టుకున్నాడు.

"ఇట్టయితే ఎట్టమ్మా? వాళ్ళకేం చెప్పాలి? మా డాక్టరుకొక మెడ, మా ఫిజియోకొక మెడ కనిపించినాయని చెప్పాలా?"

డాక్టరు కోపగించుకోలేదు. ఆయనకు కోపం రాదు. అదే అబిగయీలుకు కష్టంగా ఉండేది. "ఒక తూకం మిషను తెప్పించండి" అన్నాడు.

రొయ్యలు తూచే చిన్న ఎలక్ట్రానిక్ కాటా వచ్చింది. దానిమీద టవలు మడిచి వేసి, "మెడ అనుకుని నొక్కమ్మా" అన్నాడు డాక్టరు. అబిగయీలు నొక్కింది. నాలుగు కిలోలు చూపించింది. ఆయన నొక్కాడు. రెండుకు చాలా తక్కువ. పద్మనాభయ్యకు ఇదంతా తమాషాగా ఉంది. "రొయ్యలయిపోయి వేళ్ళు తూస్తా ఉండాం ఇయ్యాల" అన్నాడు.

"పుస్తకంలో నాలుగే ఉంది సార్" అంది అబిగయీలు.

"ఉంది. నేనూ చదివాను. కానీ వీళ్ళ ఒళ్ళు చూశావా? ఒక్కొక్కరూ ఎంతున్నారు? ఈ బక్క మెడల మీద నాలుగు కిలోలు పెడితే ఎవరైనా మూలుగుతారు. నా మెడ నొక్కు, నేనూ మూలుగుతా. అప్పుడు నువ్వు రాసుకునేది వాళ్ళ నొప్పి కాదు, నీ వేలు పెట్టిన నొప్పి."

అది తప్పని ఆమె చెప్పలేకపోయింది. తప్పు కాకపోవచ్చు కూడా. వేలు కింద ఉన్నది ఎవరి నొప్పో తేల్చి చెప్పే మూడో చెయ్యి ఎక్కడా లేదు. అందుకే ఆమెకు ఒళ్ళు మండింది.

"నేను కొంచెం పెంచుతా, నువ్వు కొంచెం తగ్గించు. రెండు దగ్గర కలుద్దాం" అన్నాడు ఆయన. అన్యాయంగా కూడా అనిపించని మాట.

ఇద్దరూ కాటా మీద అభ్యాసం చేశారు. అంకెలు చూడకుండా నొక్కడం, తర్వాత చూసుకోవడం. కాసేపటికి అబిగయీలు వేలు కళ్ళు మూసుకున్నా రెండు దగ్గర ఆగడం నేర్చుకుంది. డాక్టరు మెచ్చుకున్నాడు. ఆ మెప్పుకు ఆమెకు సంతోషం కలిగింది, కలిగినందుకు సిగ్గూ వేసింది. ఈ పరీక్ష సరిగ్గా జరిగితే ఆమెను పర్మనెంట్ చేసే విషయం చూద్దామని పద్మనాభయ్య అంతకుముందే అని ఉన్నాడు.

మర్నాడు మళ్ళీ అందరినీ పిలిచారు. రెండు కిలోల పరీక్ష చక్కగా సాగింది. ఆయన సున్నా అంటే ఈమె సున్నా, ఆయన ఒకటి అంటే ఈమె ఒకటి. తలలు తీసే బల్ల దగ్గరి మగ్దలీనమ్మా, ఇంకొకామే మాత్రం ఆ కాస్త వేలికే మొహం ముడిచారు. వాళ్ళిద్దరికీ ఇద్దరూ రెండేసి వేశారు. పద్మనాభయ్య మొహం వెలిగిపోయింది.

కామాక్షి వచ్చి స్టూలు మీద కూర్చుని, తనే జడ పక్కకు తీసి మెడ చూపించింది. అబిగయీలు వేలు ఆ గడ్డను పట్టుకుంది. నొక్కింది. రెండు దగ్గర ఆగింది. ఆగింది అనే కంటే, వేలే ఆగిపోయింది.

"ఎట్లా ఉంది?"

"తెలస్తా ఉంది" అంది కామాక్షి, ఇంకా నొక్కుతుందేమోనని ఎదురుచూస్తూ. మొహంలో ఏమీ కదల్లేదు. నోటితో చెప్పింది కాబట్టి ఒకటి. డాక్టరు కూడా ఒకటే వేశాడు.

కామాక్షి లేవలేదు. "ఐపోయిందా?" అంది. "నిన్న మీ చేతికి తెలిసింది గదక్కా. ఇయ్యాల ఏమైంది?"

బయట ఇంకో పది మంది నిలబడి ఉన్నారు. "తర్వాత మాట్లాడతా, నువ్వు వెళ్ళు" అంది అబిగయీలు.

సాయంత్రం ఆమె ఇంటికి పోయే ఆటో ఎక్కకుండా క్వార్టర్సు వైపు నడిచింది. దూరపు ఊళ్ళ నుంచి వచ్చిన ఆడవాళ్ళు అక్కడే ఉంటారు. ఉప్పుగాలికి పెచ్చులూడిన రేకుల వరసలు, చుట్టూ నడుమెత్తు గోడ. ఆ గోడ మీద దిండ్లున్నాయి. గేటు నుంచి బోరింగు దాకా, బోరింగు నుంచి వెనక మూల దాకా, ఒకదాని పక్కన ఒకటి, ఖాళీ లేకుండా దిండ్లు.

మెడ పట్టేస్తే దిండును ఎండలో పెడతారు. దిండు బాగా కాగితే పట్టు విడుస్తుందని నమ్మకం. అబిగయీలు వాళ్ళమ్మ రెబెక్కమ్మ కూడా పెడుతుంది. ఎంత చదువుకున్నా అబిగయీలు అమ్మను వద్దనలేదు, ఎందుకంటే ఆ వెచ్చటి దిండు మీద తల పెట్టుకుంటే నిజంగానే హాయిగా ఉంటుంది. ఒక ఇంటి గోడ మీద ఒక దిండు కనిపిస్తే, ఎవరికో మెడ పట్టిందనుకుంటారు. ఇక్కడ గోడే కనిపించడం లేదు. పొద్దున ఇద్దరూ కలిసి వేసిన సున్నాలన్నీ ఆమెకు గుర్తొచ్చాయి. ఆమె మీద ఆమెకే అసహ్యం వేసింది.

చెంచమ్మ దిండ్లు తిరగేస్తూ ఉంది. క్వార్టర్సులో అందరికంటే పెద్దది, అందరికీ పిన్ని.

"ఏం మేడం, ఇట్టొచ్చినారు?"

"కామాక్షిని చూద్దామని."

"లోపల ఉప్పు కాపడం పెట్టుకుంటా ఉండాది." చెంచమ్మ ఇంకో దిండు తిరగేసింది. "మేడం, నొప్పి ఉండాదని మీరిద్దరూ రాసుకుంటే ఏం చేస్తారు వాళ్ళని?"

"తూకం సెక్షనుకు మారుస్తారు. చెప్పారు కదా."

"చెప్పినారు" అంది చెంచమ్మ, పక్క దిండు దగ్గరికి జరుగుతూ.

కామాక్షి గోడకు ఆనుకుని, వేడి ఉప్పు మూట మెడకింద పెట్టుకుని కూర్చుంది. అబిగయీలు పక్కన కూర్చుని మూట తీసి, మామూలుగా, కాలేజీలో నేర్పినట్టు నొక్కింది. గోరు తెల్లబడింది. కామాక్షి "అమ్మా" అని ముందుకు వంగిపోయింది.

"అక్కా, ఇంక నావల్ల కాదు" అంది కాసేపటికి తేరుకుని. "తల నాది కానట్టుంది. ఎవరిదో బరువు మోస్తా ఉన్నట్టుంది. నేను ఆ బల్ల కాడ ఇంకో సీజను నిలబడలేను. నిలబడకపోతే మా అమ్మావాళ్ళు ఏం తింటారు? ఆ కుర్చీ ఇప్పించండక్కా. కూర్చుంటే నేను రాత్రీ పగలూ చేస్తాను."

"రేపు ఆఖరి పరీక్ష ఉంది" అంది అబిగయీలు. "రేపు నేను ఇట్లాగే నొక్కుతా. డాక్టరు గారితో కూడా నొక్కిస్తా. ఆయన వినకపోతే నేను ఒప్పుకోను. మార్కులు కలవకపోయినా సరే."

ఆ మాట అన్నాక ఆమెకు చాలా తేలికగా అనిపించింది. పర్మనెంట్ ఉద్యోగం పోతే పోయింది. ఆటోలో పోతూ డాక్టరుతో ఏమనాలో మనసులో అనుకుంటూ పోయింది.

అన్ని మాటలు అవసరం పడలేదు. మర్నాడు పొద్దున ఆయన చేతులు కడుక్కుంటూ ఉంటే ఆమె వెళ్ళి, "ఒక్క మనిషికి సార్. కామాక్షి అని. గోరు తెల్లబడేదాకా నొక్కి చూడండి. అప్పుడు కూడా నొప్పి లేదంటే నేనింకేం మాట్లాడను" అంది.

ఆయన టవలుతో వేలూ వేలూ తుడుచుకుంటూ ఆమె వైపు చూశాడు. "నీ మనసులో ఏదో ఉండిపోయింది. సరే, నొక్కుతా. నాదేముంది? నొప్పుంటే నాలుగు కిలోల దగ్గరైనా బయటపడాలి కదా."

మంచివాడే. ఆ మంచితనం ఎదుట, నిన్న ఆటోలో అనుకున్న మాటలన్నీ ఆమె మింగేసింది.

కామాక్షి వంతు వచ్చింది. లోపలికొచ్చి అబిగయీలు మొహం చూడకుండా స్టూలు మీద కూర్చుంది. చెప్పులు విడిచి పక్కన పెట్టింది. ఈసారి జడ తనంతట తను తీయలేదు. డాక్టరే పక్కకు జరిపి, వేలు పెట్టి, నెమ్మదిగా బరువు పెంచాడు. ఆయన గోరు గులాబీ రంగు నుంచి తెలుపుకు మారడం అబిగయీలు పక్కన నిలబడి చూసింది.

"నొప్పిగా ఉందామ్మా?"

"లేదు సార్."

"ఇక్కడ?"

"లేదు సార్."

ఆయన వేలు తీసి, అబిగయీలుకు చోటు ఇచ్చాడు. ఆమె బొటనవేలు కండను పట్టుకుంది. అక్కడే ఉంది, నిన్నటిలాగే, నీళ్ళలో నానిన పడవ మోకు లాగా బిగుసుకుని ఉంది. నొక్కింది. నాలుగు. ఇంకా కొంచెం. ఇంత బరువు ఆమె ఎవరి మెడమీదా ఎప్పుడూ పెట్టలేదు.

"కామాక్షీ, నొప్పి లేదూ?"

"లేదు మేడం."

మొహం ప్రశాంతంగా ఉంది. కనుబొమలు కదల్లేదు. పళ్ళు కరుచుకోలేదు. ఊపిరి కూడా మామూలుగానే పోతూ వస్తూ ఉంది. అబిగయీలు కళ్ళు కిందికి పోయాయి. గచ్చు మీద కామాక్షి కాలివేళ్ళు లోపలికి ముడుచుకుని, మెటికలు తేలి, తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

మార్కులు మొహానికీ నోటికీగాని, కాలివేళ్ళకు లేవు. వేలు కింద గట్టిగా తగిలినదానికీ లేవు. మనిషి లేదంటే లేదు.

"సున్నా" అన్నాడు డాక్టరు.

అబిగయీలు వేలు ఇంకా తీయలేదు. కామాక్షి అప్పుడు ఆమె మొహంలోకి చూసింది. ఆ చూపులో బతిమాలడం ఉంది.

"సున్నా" అంది అబిగయీలు.

బయట చేతులు కడుక్కునే కొళాయిల దగ్గర కామాక్షిని ఆపింది. కోపం ఆపుకోలేకపోయింది. "నీకోసం నేను ఆయనతో మాట్లాడి ఒప్పించాను. ఏమనుకుంటాడు నన్ను? ఎందుకు చెప్పలేదు?"

కామాక్షి ఒళ్ళంతా తిప్పి అటూ ఇటూ చూసుకుంది.

"మగ్దలీనమ్మక్క ఊరికి పొయింది, మీకు తెలవదా?"

"ఊరికెందుకు? ఆమెను తూకం సెక్షనుకు..."

"తూకంలో ఖాళీ లేదంట. మెడ బాగలేదని ఇద్దరు డాక్టర్లు రాసినారు, ఇంటికాడ రెస్టు తీసుకో, మేము పిలిచేదాకా రాబాక అన్నారంట పద్మనాభయ్య సారు. నిన్న రాత్రే సంచీ సర్దుకుని పొయింది. ఇంకొకామె ఈ పొద్దు పోతాది." కామాక్షి గొంతు తగ్గించింది. "మీరు పోయినాక చెంచమ్మ పిన్ని అందరినీ కూర్చోబెట్టింది. ఒకళ్ళ మెడ ఒకళ్ళం నొక్కుకున్నాం. నన్నయితే పిన్నే నొక్కింది, మోచేత్తో. ముందు అరిచినాను. పళ్ళు కరవబాక, కరిస్తే దవడల్లో తెలిసిపోతాది, ఊపిరి బిగబట్టబాక, ఏదున్నా కాలివేళ్ళల్లో పెట్టుకో అని చెప్పింది. తెల్లారేసరికి వచ్చేసింది."

వచ్చేసింది అన్నప్పుడు ఆమె గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. కాటా మీద రెండు దగ్గర వేలు ఆపడం వచ్చినప్పుడు తనకు కలిగిన సంతోషం అబిగయీలుకు గుర్తొచ్చింది.

"మేడం, ఇద్దరూ సున్నానే వేసినారు గదా? నన్ను పంపించరు గదా?"

"పంపించరు" అంది అబిగయీలు.

కామాక్షి పొద్దుటి నుంచీ తనను అక్కా అనడం లేదని అప్పుడు గమనించింది.

నేరుగా పద్మనాభయ్య గదికి పోయింది. మగ్దలీనమ్మ సంగతి అడిగింది. ఆయన కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు. "నేనేమన్నా కష్టపెట్టినానామ్మా ఆమెని? మెడ బాగలేదని మీరే గదా రాసినారు. బాగలేనామెని ఐసులో నిలబెట్టమంటావా? అంత పాపం నేను చెయ్యలేను" అన్నాడు. కుర్చీలు ఇస్తామన్న మాట ఎత్తితే, సీజను అయినాక చూస్తామన్నాడు. తర్వాత సొరుగులోంచి బిస్కెట్లు తీసి ఆమె ముందుకు జరిపాడు. "ఆఖరి పరీక్షలో మీ ఇద్దరి మార్కులూ నూటికి నూరు కలిసినాయి. ఇంత బాగా యాడా కలవలేదంటా ఉండారు డాక్టరు గారు. నీ సంగతి పైవాళ్ళతో మాట్లాడినాను. ఇంక నువ్వు మా మనిషివే అనుకో."

ఆమె బిస్కెట్టు తీసుకోలేదు. టీ మాత్రం తాగింది. తాగకుండా లేచి రావాలని తర్వాత చాలాసార్లు అనుకుంది.

వారం తిరక్కముందే కొనుగోలుదారుల తరఫున బొంబాయి నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. తెల్ల కోటూ టోపీ వేసుకుని బల్లలన్నీ చూసింది. మెడల పరీక్ష గురించి విని తల ఊపింది. ఇద్దరి మార్కులూ అంత బాగా కలవడం తను ఎక్కడా చూడలేదని ఆమె కూడా అంది. డాక్టరు నవ్వి, అబిగయీలు వైపు చెయ్యి చూపించాడు. తర్వాత ఆవిడ ఆడవాళ్ళు ఉండే చోటు చూస్తానంది. ఇంగ్లీషు వచ్చిన ఆడమనిషి ఉంటే మంచిదని పద్మనాభయ్య అబిగయీలును కూడా వెంటబెట్టుకున్నాడు.

మిట్టమధ్యాహ్నం. షిఫ్టు లేనివాళ్ళు క్వార్టర్సు ముందు నిలబడి ఉన్నారు. గోడ నిండా దిండ్లే. కొన్ని కొత్తగా ఉతికిన గలీబులు, కొన్ని తలనూనె మరకలు. ఆవిడ గేటు దగ్గరే ఆగిపోయి, ఫోను తీసి ఫొటో తీసుకుంది. ఇన్ని దిండ్లు ఎందుకు ఎండబెట్టారని అడిగింది.

"శుభ్రత మేడం" అన్నాడు పద్మనాభయ్య తడుముకోకుండా. ఆయనదీ ఇదే జిల్లా. దిండు ఎండలో ఎందుకు పెడతారో ఆయనకు తెలియకుండా ఉండదు. "మా లేడీస్ చాలా క్లీన్."

ఆవిడ అబిగయీలు వైపు తిరిగి, ఇది ఈ ప్రాంతపు అలవాటా అని అడిగింది. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే ఉంది.

అబిగయీలుకు చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం నోటి దాకా వచ్చింది. గోడ పక్కన చెంచమ్మ ఉంది, ఇంకా అందరూ ఉన్నారు. ఇంగ్లీషు రాకపోయినా ఏం అడిగిందో అందరికీ అర్థమైంది. ఎవరూ కదల్లేదు. ఒక్కరి మొహంలోనూ ఏమీ లేదు. అబిగయీలు వాళ్ళ కాళ్ళ వైపు చూసింది. వరస పొడుగునా చెప్పుల్లో వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి.

ఆమె చెబితే ఈ గోడ మీద ఎన్ని దిండ్లున్నాయో అన్ని సంచులు సాయంత్రానికి సర్దిపెడతారు.

"అవునండీ, అలవాటే" అంది ఇంగ్లీషులో. "ఇక్కడివాళ్ళు శుభ్రతకు చాలా విలువ ఇస్తారు."

ఆవిడ సంతోషించి ఇంకో ఫొటో తీసుకుంది. పద్మనాభయ్య ఆవిడను బోరింగు వైపు నడిపించాడు.

మూలన కామాక్షి తన దిండు తిరగేస్తూ ఉంది. అబిగయీలు అటు చూడకుండా పోదామనుకుంది గానీ కాళ్ళు ఆగాయి. కామాక్షి దిండు వదిలి, పాదాలు జరుపుకుంటూ, ఒళ్ళంతా తిప్పి, ఆమెకు ఎదురుగా నిలబడింది. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. తల మాత్రం వంచలేకపోయింది.